తూకానికి వేసిన తాతలు

తాత పేరు మీద ఎకరం ఉంటే ఊరంతా వంశవృక్షాలు గీస్తుంది. ఎకరం లేని తాత ఎవడికీ అక్కర్లేదు. కోపంతో అంటున్న మాట కాదు, కళ్లారా చూసి అంటున్నాను.

డర్బన్ నుంచి వచ్చిన ఒకావిడని వెంటబెట్టుకుని ఈ మధ్య మా జిల్లాలో ఒక ఎమ్మార్వో ఆఫీసుకి వెళ్లాను. ఆవిడ ముత్తాత మద్రాసులో ఓడెక్కి నాటాల్ చెరకు తోటలకి కూలిగా పోయినవాడు. ఆవిడ చేతిలో ఆ ఓడ జాబితా నకలుంది. కూలీ నెంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు. చివరి గడిలో ఎడమ మోకాలి కింద గాటు మచ్చ అని రాసుంది. గుమాస్తా ఆ కాగితం ముట్టుకోనైనా లేదు. "భూమేటైనా ఉందా సార్ వీళ్లకి? లేకపోతే ఇప్పుడిదంతా ఎందుకు?" అన్నాడు. ఊళ్లోకి వెళ్తే అదే ఇంటిపేరువాళ్లు తలుపు సగమే తీశారు, వాటా అడగడానికొచ్చిందేమోనని. ఆవిడకి కావలసింది ముత్తాత తోబుట్టువుల పేర్లు. అంతే!

1860లో ట్రూరో ఓడ మద్రాసు రేవు వదిలింది మొదలు 1911 దాకా లక్షన్నర మందికి పైగా మన దేశం నుంచి నాటాల్‌కి కూలికి పోయారు. ఎక్కువమంది మద్రాసు నుంచే. ఓడెక్కిన ప్రతి మనిషికీ పుస్తకంలో ఒక వరుస రాశారు. ప్రేమతో రాయలేదు, పారిపోతే పట్టుకోడానికి రాశారు. మారిషస్‌లోనైతే 1860ల్లోనే ఫొటోలు తీయడం కూడా మొదలుపెట్టారు. అక్కడి పుస్తకాలు మోకా అనే ఊళ్లో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఇవాళ్టికీ ఉన్నాయి. బస్తాలెక్కన ఎక్కించుకుపోయినవాడి దగ్గర మనవాడి మోకాటి మచ్చ దొరుకుతోంది. కన్న ఊళ్లో వాడి తల్లి పేరు దొరకదు. సిగ్గుండొద్దూ మనకి?

కాగితం లేక కాదు. కోస్తా ఊళ్లలో పుట్టుకా చావూ రాసుకోవడం గ్రామ మునసబు పని, భూమి లెక్కలు కరణం పని. 1984లో ఆ పదవులు ఎత్తేశారు. మంచిదే, వాళ్ల పెత్తనం పోయినందుకు నాకేం బెంగలేదు. పుస్తకాలేం పాపం చేశాయి? కొన్ని కరణంగారి భోషాణాల్లోనే చెదలకి మేతయ్యాయి. ఆఫీసులకి చేరినవాటి గతీ చూశాను. మెట్ల కింద చీకటి గది, విరిగిన కుర్చీల వెనక ఎర్రగుడ్డ మూటలు. ఒకటి విప్పితే 1918 నాటి చావుల రిజిస్టరు. ఇన్‌ఫ్లుయెంజా దేశాన్ని ఊడ్చుకుపోయిన ఏడు. కారణం గడిలో వరసగా జ్వరం, జ్వరం, జ్వరం. ఒకచోట పేరుండాల్సిన గడిలో పేరు లేదు, ఫలానావాని ఆడశిశువు అని ఉంది. వేలు తగిలితే అంచు పొడిపొడిగా రాలింది. ఆ పిల్ల పుట్టిందనడానికి భూమ్మీద అదొక్కటే ఆధారం కావచ్చు.

ఆఫీసుల్ని అనేసి ఊరుకోవడమెందుకు, మన ఇళ్ల సంగతేమిటి? తీగకి గుచ్చిన ఉత్తరాలు వెనకటి ఇళ్లలో వేలాడుతూ ఉండేవి. ఉభయకుశలోపరి అయ్యాక ఎవరికి కాన్పైందో, రంగూన్‌లో ఉన్న పెదనాన్న ఎంత పంపాడో, షావుకారుకి ఇంకా ఎంత బాకీ ఉందో అన్నీ అందులోనే. చావు కబురు ఉత్తరమైతే చదవగానే చించెయ్యడం ఆచారం కనక చావులు ఎలాగూ మిగల్లేదు. మిగిలినవాటిని మనం భోగి మంటలో వేశాం. లేదా పాత పేపర్లవాడి తూకానికి వేశాం. మా ఇంటి కట్టకి ప్లాస్టిక్ బకెట్టొకటి వచ్చిందని మా పిన్ని సంబరంగా చెప్పింది.

దహనం చేసేవాళ్లకి గుర్తు మిగలదు, సరే. పూడ్చేవాళ్లకి శ్మశానమే రికార్డు. బందరులో, భీమిలిలో డచ్చివాళ్ల సమాధులకి పురావస్తు శాఖ రక్షణ ఉంది. ఉండాల్సిందే. మా మాలపల్లె శ్మశానాన్ని పొక్లెయిన్‌తో చదును చేసినప్పుడు మాత్రం ఏ శాఖా రాలేదు. ముగ్గురు నలుగురు పిల్లలు పేర్లున్న సిమెంటు పలకలు ఏరి పక్కన పెడితే, మర్నాటికి అవీ రోడ్డు కింద రాళ్లలో కలిశాయి. అడిగితే, "అవేమన్నా చారిత్రక సమాధులా?" అన్నారు. పేరు చెరిపింది మీరే, చరిత్ర లేదనేదీ మీరే!

భూముల రీసర్వేకి డ్రోన్లు ఎగరేసిన ప్రభుత్వాలకి ఈ మూటలు విప్పడం అంత కష్టమా? గాలి వెలుతురున్న గది, ఒక స్కానరు, గొలుసుకట్టు రాత చదవగల పెద్దాయన ఒకరు చాలు. ఆ రాత చదివేవాళ్లు కూడా ఏటేటా పోతున్నారు. ఇదంతా రాసి అర్జీ పెట్టాను. పుచ్చుకున్నాయన దాన్ని రిజిస్టర్లో ఎక్కించలేదు. రసీదు అడిగితే, ఇలాంటివాటికి రసీదులుండవన్నాడు.