‘చూద్దాంలే’ అనే రైతుతో ఏం మాట్లాడాలి?

కూచిపూడి చుట్టుపక్కల ఊళ్లలో ప్రకృతి సేద్యం మాటెత్తితే గట్టిగా ‘వద్దు’ అనే రైతు తక్కువ, ‘సరే’ అనే రైతూ తక్కువే. ఎక్కువగా వినిపించే మాట ‘చూద్దాంలే’. రైతు సాధికార సంస్థ 2016లో ఈ కార్యక్రమం చేపట్టిన నాటి నుంచీ ఆ మాటను బద్ధకం కిందో, మొండితనం కిందో జమకట్టే వాళ్లున్నారు. మేం ఒప్పుకోం. ఆ మాట వెనుక లెక్క ఉంది.

మొవ్వ మండలంలో ఒక కౌలు రైతును తీసుకుందాం. ఎకరాకు 30 బస్తాలు పండుతుందని, కౌలు 15 బస్తాలని అనుకోండి. మిగిలిన 15లోనే దమ్ము, ఊడ్పు, కోత, అప్పుల వడ్డీ. పద్ధతి మార్చిన మొదటి సార్వాలో 5 బస్తాలు తగ్గితే ఆసామి వాటాలో గింజ తగ్గదు. రైతుకు మిగిలే 15 మాత్రం 10 అవుతుంది. నేల సత్తువ తిరిగి రావడానికి మూడు నాలుగేళ్లు కావాలి, కౌలేమో ఏడాదికి. తాను బాగు చేసిన చేను వచ్చే ఏడు ఎవరు దున్నుతారో తెలియదు. పైగా 200 లీటర్ల జీవామృతానికి 10 కిలోల పేడ, ఆవు మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుల పిండి చూసుకోవాలి. ట్రాక్టర్లు, కోత మిషన్లు వచ్చాక పశువుల కొట్టం ఉన్న ఇళ్లెన్ని? 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలు (ఆ ధరకు దొరికితే!).

అదే రైతుకు రెండో మనసూ ఉంది. వరుసగా మందులు కొట్టినా సుడిదోమకు దుబ్బులు మాడిపోయిన ఏడాది గుర్తుంది. యూరియా ఎక్కువైతే దోమ ఎక్కువవుతుందని తెలుసు. మందు కొట్టిన రాత్రి అన్నం సయించదు. కొట్లో బాకీ సరేసరి.

ఇలాంటి మనిషిని ఒకవైపే లాగితే రెండోవైపు వాదిస్తాడు. మద్యం మానలేకపోతున్న వాళ్లతో మాట్లాడే పద్ధతి గురించి విలియం మిల్లర్ అనే అమెరికా మనస్తత్వవేత్త 1983లో రాసిన దాంట్లో ముఖ్యమైన సంగతి ఇదే. (రైతును తాగుబోతుతో పోల్చడం లేదు, మనసు నడిచే తీరు చెబుతున్నాం.) సభ పెట్టి జీవామృతం గొప్పతనం గంటసేపు చెబితే, వినేవాడు గంటసేపూ దాని లోట్లే వెతుక్కుంటాడు. మారాలనే కారణం అతని నోటి నుంచే రావాలి.

అందుకే మన కార్యకర్తలు ముందు అడగాలి. “బాబాయ్, దీంట్లో మీకు నచ్చనిదేంటి?” అని మొదలుపెట్టి, చెప్పిందంతా అడ్డు తగలకుండా పుస్తకంలో రాసుకోవాలి. తర్వాత “నిరుడు మందులకెంతయింది?” “ఒక్క మడితో మొదలుపెడితే మీకు భయం లేని మడి ఏది?” “ఏం కనిపిస్తే రెండో మడికి వెళ్తారు, ఏం కనిపిస్తే ఆపేస్తారు?” అని అడగాలి. చివరి ప్రశ్న చాలా ముఖ్యం. ఆపేసే దారి తన చేతిలో ఉందని తెలిసినవాడే అడుగు వేస్తాడు. వరి జోలికి పోకుండా మినుముతో మొదలుపెడతానని ఎవరైనా అంటే కాదనకండి. విత్తనానికి బీజామృతం పట్టించడం, పల్లాకు తెగులును మోసుకొచ్చే తెల్లదోమకు పసుపు జిగురు అట్టలు పెట్టడం పెద్ద ఖర్చేమీ కాదు.

ఇప్పటి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని పునుకులలో 2000ల మొదట్లో పత్తి రైతులు పురుగుమందులు మానేసిందీ ఇలాగే. ముందు కొద్దిమంది మానారు. పక్క చేలవాళ్లు కళ్లారా చూశారు. కొన్నేళ్లలో ఊరంతా మానింది.

అయితే ఎంత ఓపిగ్గా విన్నా కౌలు లెక్క మాటలతో మారదు. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కార్డు రావాలంటే భూ యజమాని ఒప్పుకోవాలి. దాని గడువు 11 నెలలు. మూడు నాలుగేళ్ల పనికి 11 నెలల కాగితం! యజమాని సంతకంతో పని లేకుండా గుర్తింపు, పద్ధతి మార్చే కౌలుదారుకు కనీసం మూడేళ్ల గడువు, మొదటి ఏడాది దిగుబడి తగ్గితే పరిహారం – ఇవి మనం ప్రభుత్వాన్ని అడగాల్సినవి. సార్వా నారుమళ్లు పోసేలోగా ప్రతి గ్రామ శాఖా ‘చూద్దాంలే’ అన్న రైతుల అభ్యంతరాలను వాళ్ల మాటల్లోనే రాసి మండల కమిటీకి పంపాలి. వినతిపత్రానికి వాటినే జతచేద్దాం.