తగ్గింపు ధర పొదుపు కాదు

2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు తగ్గాయి. కేంద్రం దానికి ‘బచత్ ఉత్సవ్’, అంటే పొదుపు ఉత్సవం, అని పేరు పెట్టింది. మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘సూపర్ జీఎస్టీ – సూపర్ సేవింగ్స్’ అంటూ దీపావళి దాకా ఊరూరా సభలు, ర్యాలీలు నడిపింది. అక్టోబరు 16న కర్నూలులో ప్రధానమంత్రితోనే సభ పెట్టించింది. పన్ను తగ్గించడం మీద నాకు తగాదా లేదు. కొనడానికి పొదుపు అని పేరు పెట్టడం మీదే తగాదా. టీవీ కొంటే ఇంత మిగులు, బండి కొంటే అంత మిగులు అని ప్రభుత్వమే మైకు పట్టుకుని చెప్పింది. దుకాణదారుడు ఆ మాట అంటే అది అతని వ్యాపారం. అప్పుల లెక్కలు చేతిలో ఉన్న ప్రభుత్వం ఆ మాట అనడం జనాన్ని తప్పుదారి పట్టించడమే.

ఈ ప్రచారాన్ని తప్పుపట్టిన వాళ్లూ అసలు సంగతి వదిలేశారు. రాష్ట్రానికి రావలసిన ఆదాయం పోతుందని కొందరు, తగ్గిన పన్నును కంపెనీలు ధర పెంచి మింగేస్తాయని కొందరు వాదించారు. కొనే మనిషి చేతిలో ఉన్నది డబ్బా, అప్పా అని మాత్రం ఎవరూ అడగలేదు. జవాబు ప్రభుత్వం అచ్చువేసిన నివేదికలోనే ఉంది. జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన 77వ దఫా సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లోని వ్యవసాయ కుటుంబాల్లో 93.2 శాతం అప్పుల్లో ఉన్నాయి. దేశం మొత్తానికి ఆ లెక్క 50.2 శాతం. ఒక్కో కుటుంబం మీద సగటు అప్పు మన దగ్గర 2,45,554 రూపాయలు. దేశ సగటు 74,121. రెండింటిలోనూ దేశంలో మనదే మొదటి స్థానం. అదే సర్వేలో మన రాష్ట్రపు వ్యవసాయ కుటుంబం నెల ఆదాయం 10,480 రూపాయలు. తిండీ తిప్పలూ మాని, వచ్చిన ప్రతి రూపాయీ కట్టినా ఆ అప్పు తీరడానికి ఇరవై మూడు నెలలకు పైనే పడుతుంది.

93.2 శాతం అంటే పది ఇళ్లున్న వీధిలో తొమ్మిది ఇళ్లకు పైగా అప్పుల్లో ఉన్నట్టు. ఆ వీధిలోకి వెళ్లి ఇప్పుడు కొంటే మిగులుతుందని చెప్పే ముందు ఈ అంకె ఒక్కసారైనా గుర్తుకు రావాలి కదా.

ఆ అప్పుల్లో బ్యాంకులు తక్కువ వడ్డీకి ఇచ్చే పంట రుణాలు కూడా కలిసి ఉన్నాయి, కాబట్టి అంత భయపడాల్సింది లేదని కొందరంటారు. సొంత పొలం, పాసు పుస్తకం ఉన్న వాళ్ల విషయంలో ఆ మాట కొంత నిజమే. కానీ కౌలు కమతాల వాటాలోనూ దేశంలో మనమే ముందున్నామని ఆ సర్వేయే చెబుతోంది. మన రాష్ట్రంలో అది 42.4 శాతం. పాసు పుస్తకం లేని కౌలు రైతుకు బ్యాంకులో పంట రుణం పుట్టడం ఎంత కష్టమో రేపల్లె వైపు ఎవరిని అడిగినా చెబుతారు. అతనికి దొరికేది నూటికి రెండు రూపాయల వడ్డీ అప్పు, ఒక్కోసారి మూడు రూపాయలది. లేదంటే ఇంటావిడ మెడలోని గొలుసు మీద తెచ్చేది.

కృష్ణా పశ్చిమ డెల్టాలో డబ్బు ఎప్పుడు వస్తుందో తెనాలి బోసు రోడ్డులో వ్యాపారం చేసే వాళ్లకు అధికారుల కన్నా బాగా తెలుసు. సార్వా నాట్లు జులై, ఆగస్టుల్లో పడతాయి. దసరాకు చేను ఇంకా పొట్ట మీద ఉంటుంది. కోతలు నవంబరు, డిసెంబరుల్లో. ధాన్యం డబ్బు చేతికి వచ్చేసరికి సంక్రాంతి దగ్గర పడుతుంది. అంటే దసరా, దీపావళి రోజుల్లో డెల్టా రైతు ఇంట్లో ఉండేది పెట్టుబడికి తెచ్చిన అప్పే. కౌలు రైతు సంగతి చెప్పనే అక్కర్లేదు. పొదుపు ఉత్సవాన్ని సరిగ్గా ఆ రోజుల్లోనే పెట్టారు. దీపావళి అక్టోబరు 20న వెళ్లింది. 28 రాత్రి మొంథా తుపాను నర్సాపురం దగ్గర తీరం దాటింది. బాపట్ల వైపు కూడా వానకు వరి నేలకొరిగింది. అంతకు ముందు ఏడాది సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు మించి నీరు దిగితే కొల్లూరు, భట్టిప్రోలు, రేపల్లె మండలాల లంక ఊళ్లు మునిగాయి. దానికి ముందు, 2023 డిసెంబరు 5న, మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. కోతలు నడిచే రోజులవి. వరుసగా మూడేళ్లు ఇలా గడిచిన చోట ఇంట్లో నాలుగు రూపాయలు నిలవ ఉండడమే పెద్ద బలం. నిజాంపట్నంలో చేపల వేటకు వెళ్లే కుటుంబాలదీ ఇదే సంగతి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం ఉంటుంది, ఆ రోజుల్లో సముద్రం మీద రాబడి ఉండదు.

ఇక లెక్క వేద్దాం. పన్ను కాకుండా 25,000 రూపాయలు చేసే పెద్ద టీవీ ఉంది. 28 శాతం పన్నుతో 32,000 అయ్యేది, 18 శాతంతో 29,500కు వస్తుంది. మిగిలింది 2,500 అని కరపత్రం చెబుతుంది. ఆ ఇంట్లో నూటికి రెండు రూపాయల అప్పు ఉందనుకోండి. అదే 29,500 టీవీకి పెట్టకుండా అసలుకు జమ చేస్తే నెలకు 590 రూపాయల వడ్డీ ఆగిపోతుంది. ఏడాదికి 7,080. టీవీ మీద మిగిలిందన్న 2,500 అయిదో నెలలోనే వడ్డీ కింద కరిగిపోతుంది. చేతిలో డబ్బు లేక వాయిదాల మీద కొంటే పరిస్థితి ఇంకా అన్యాయం. ఈ లెక్కకు ఆర్థిక శాస్త్రం చదవనక్కర్లేదు. మన ఊళ్లలో నూటికి ఇంతని వడ్డీ నోటితోనే కట్టి చెప్పే ఆడవాళ్లు ఎంతోమంది ఉన్నారు. అయినా ఏ ప్రచార సభలోనూ ఈ లెక్క వినిపించలేదు.

‘సున్నా వడ్డీ వాయిదాలు’ అన్న బోర్డుల గురించి కూడా చెప్పాలి. 2013 సెప్టెంబరులోనే రిజర్వు బ్యాంకు ఈ సంగతి తేల్చేసింది. సున్నా వడ్డీ అనేదే లేదని, వడ్డీని ప్రాసెసింగ్ రుసుము రూపంలోనో మరో రూపంలోనో దాచి ఖాతాదారు నెత్తినే వేస్తున్నారని బ్యాంకులకు రాతపూర్వకంగా చెప్పింది. పన్నెండేళ్లు దాటినా ఆ బోర్డులు దిగలేదు. నగదు ఇస్తే ఎంతకిస్తారని అడిగి చూడండి, దాచిన వడ్డీ ఎంతో అప్పుడు బయటపడుతుంది. బంగారం తాకట్టు అప్పుల సంగతీ చూడాలి. 2025లో బంగారం పది గ్రాములు లక్ష దాటింది. రెండున్నర లక్షల లోపు బంగారు రుణాలకు నగ విలువలో 85 శాతం దాకా ఇవ్వవచ్చని 2025 జూన్‌లో రిజర్వు బ్యాంకే వెసులుబాటు ఇచ్చింది. అవసరానికి అప్పు పుట్టడం మంచిదే. కానీ నగ పెట్టి తెచ్చిన డబ్బుతో ఫోను మారిస్తే రెండేళ్లకు ఆ ఫోను పాతబడుతుంది, నగ మాత్రం ఇంకా తాకట్టులోనే ఉంటుంది.

పెద్ద వస్తువుల కన్నా రోజువారీ చిల్లర ఖర్చు గురించి మాట్లాడటం మన విశ్లేషకులకు చిన్నతనం. నాకు అదే ముఖ్యంగా కనిపిస్తుంది. 2022-23 గృహ వినియోగ వ్యయ సర్వేలో దేశంలోని గ్రామీణ కుటుంబాలు తిండిగింజల మీద పెట్టింది మొత్తం ఖర్చులో 4.91 శాతం. పానీయాలు, బయటి తిండి, ప్యాకెట్ తిండి కలిపి పెట్టింది 9.62 శాతం. బియ్యం, గోధుమల మీద పెట్టినదానికి దాదాపు రెట్టింపు. చౌక దుకాణం బియ్యం వల్ల మొదటి అంకె తగ్గిందనేది నిజం. రెండో అంకె పెరగడానికి మాత్రం ఆ కారణం చెల్లదు. జీఎస్టీ కొత్త రేట్లలో బిస్కెట్లు, చాక్లెట్లు 18 నుంచి 5కు, మిక్చరు ప్యాకెట్లు, నూడుల్స్ 12 నుంచి 5కు దిగాయి. అంటే ఇంటి డబ్బును ఎక్కువగా లాగుతున్న చోటే ఇంకా కొనండని ఊతం ఇచ్చారు. ఇంటిల్లిపాదికీ కలిపి రోజుకు నలభై రూపాయల ప్యాకెట్లు, కూల్‌డ్రింకులు అనుకుంటే ఏడాదికి 14,600 రూపాయలు. సర్వే చెప్పిన నెల ఆదాయం 10,480 కన్నా అది ఎక్కువ. జేబులోంచి నోటు తీసి ఇచ్చే రోజుల్లో ఆ నలభై కంటికి కనిపించేది. ఫోను ఎత్తి స్కాన్ చేయడం మొదలయ్యాక నెలాఖరున ఖాతా ఖాళీ అయ్యేదాకా ఎంత పోయిందో తెలియడం లేదు. మినప సున్నుండలు, వేరుశనగ పప్పుండలు ఇంట్లో చేసుకునే ప్రాంతం మనది. పిల్లల చేతికి పది రూపాయల ప్యాకెట్టు పెట్టకపోతే పిల్లలకు లోటు చేసినట్టు భావించే దశకు వచ్చాం.

అయితే ఖర్చు తగ్గించమనగానే కత్తెర ముందు వంటింట్లోనే పడుతుంది. పాలు అర లీటరు తగ్గిస్తారు, గుడ్లు మానేస్తారు, ఆకుకూర వారానికి ఒకసారి అవుతుంది. అందులోనూ మొదట తగ్గేది ఇంటి ఇల్లాలి కంచంలో. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత. వాళ్ల కంచంలో కోత పెట్టడాన్ని నేను పొదుపు అనను, దాన్ని ఎవరు సమర్థించినా ఒప్పుకోను. తిండి, వైద్యం, చదువు, పని ముట్లు వీటిలో దేనికీ చెందక, అప్పు మీద కొనేదే నా లెక్కలో అనవసర ఖర్చు. జనం బిర్యానీలకూ సెల్ ఫోన్లకూ తగలేసి అప్పులపాలయ్యారని ఏసీ గదుల్లో కూర్చుని తీర్పులిచ్చే వాళ్లతోనూ నాకు పేచీ ఉంది. 93.2 శాతం కుటుంబాలు ఒకేసారి దుబారా మనుషులైపోవు. కౌలు, తుపాను, ఆసుపత్రి బిల్లు, ప్రైవేటు ఫీజు అప్పు తెస్తాయి. అనవసర కొనుగోలు ఆ అప్పును తీరనివ్వదు. ఈ తేడా తెలియకుండా నీతులు చెప్పకూడదు.

ఓణీల వేడుక, పంచెల వేడుక పేరుతో మన తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టూ జరుగుతున్న హంగామా గురించి వేరే వ్యాసం రాయాలి. పదేళ్ల పిల్లవాడికి పంచె కట్టడానికి ఫంక్షన్ హాలు, డ్రోను కెమెరా, నిలువెత్తు ఫ్లెక్సీలు ఎందుకో చేసేవాళ్లూ చెప్పలేరు. పక్కింటివాళ్లు చేశారు కాబట్టి చేస్తున్నారు. ఊరి పెద్దలు, రాజకీయ నాయకులు ఆ ఫ్లెక్సీల్లో బొమ్మలు వేయించుకోవడం మానితే సగం హంగామా దానంతటదే తగ్గుతుంది.

పన్ను తగ్గింపులో మంచి లేదని అనను. వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా మీద పన్ను పూర్తిగా తీసేయడం మంచి నిర్ణయం. సబ్బు, తలనూనె, పళ్లపొడి చౌక కావడం ప్రతి ఇంటికీ మేలే. నెలకు ఓ యాభై, వంద మిగలవచ్చు. కానీ ఆ యాభయ్యో వందో అప్పులోకి జమ కావాలని ఒక్క మాట ప్రభుత్వం నోట రాలేదు. అది ఇంకో కొనుగోలుకు బయానా కావాలనే ప్రచారం చేశారు. కొనుగోళ్లు పెరిగితేనే ఆర్థిక వ్యవస్థ కదులుతుందన్న వాదన నాకూ తెలుసు. అప్పుల్లో లేని వాళ్లు కొని కదిలించనివ్వండి. 2,45,554 రూపాయల సగటు అప్పున్న ఇల్లు దేశ ఆర్థిక వ్యవస్థను భుజాన మోయనక్కర్లేదు.

పొదుపు అంటే ఏమిటో ఈ రాష్ట్రానికి నేర్పింది ప్రభుత్వాలు కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో వర్ధినేని రోశమ్మ లాంటి ఆడవాళ్లు సారా దుకాణానికి అడ్డం పడ్డారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. సారాకు పోయే డబ్బు మిగలగానే నెల్లూరు జిల్లాలో ఆ ఆడవాళ్లే రోజుకు రూపాయి చొప్పున దాచుకుని పొదుపు సంఘాలు కట్టుకున్నారు. అక్కడ ఎవరూ తగ్గింపు ధర అడగలేదు. ఒక కొనుగోలును ఊరంతా కలిసి మానేశారు, మానేసిన డబ్బును కళ్ల ముందు కూడబెట్టారు. ఇవాళ డ్వాక్రా సమావేశాల్లో పొదుపు ఎంత అయిందన్న మాట కన్నా లోను ఎంత వస్తుందన్న మాటే ఎక్కువ వినిపిస్తోంది.

ఆ చరిత్ర ఉన్న రాష్ట్రంలో 2024 అక్టోబరు 16న 3,396 ప్రైవేటు మద్యం దుకాణాలు తెరిచారు. 99 రూపాయలకు క్వార్టర్ సీసా తెచ్చామని ప్రభుత్వం ఘనంగా చెప్పుకుంది. రోజుకొక సీసా తాగేవాడి ఇంట్లో నెలకు 2,970 రూపాయలు పోతాయి. నెల ఆదాయం 10,480 అని మరిచిపోవద్దు. ఆ ఇల్లాలి దగ్గరకు ఏడాది తిరిగేసరికి అదే ప్రభుత్వం వచ్చి షాంపూ మీద మిగిలిన రెండు రూపాయలు చూపించి పొదుపు అంటోంది. ఆమెకు ఇది అవమానం. మద్యం మీద రాబడి వదులుకోలేని ప్రభుత్వానికి ఇంటి పొదుపు గురించి మాట్లాడే హక్కు లేదు.

వచ్చే దసరాకు తెనాలి, బాపట్ల, రేపల్లె వీధుల్లో మళ్లీ కరపత్రాలు పంచే ఆలోచన ఉంటే అధికారులు కొత్తగా ఏమీ రాయనక్కర్లేదు. 93.2 శాతం, 2,45,554 రూపాయలు అన్న రెండు అంకెలు పెద్దక్షరాల్లో వేయండి. వాటి కింద నూటికి రెండు రూపాయల వడ్డీ ఏడాదికి ఎంతవుతుందో రాయండి. అది చదివాక కూడా టీవీ కావాలనుకున్న వాళ్లు కొనుక్కుంటారు, అది వాళ్ల ఇష్టం. ఈ రెండు అంకెలు దాచిపెట్టి ఉత్సవం చేయడం మాత్రం మానండి.