హిఫాజతా? నిగరానీయా?

జిద్దాలో పనిచేసే మా తమ్ముడు పోయినేడాది సెలవు మీద వచ్చి, హాల్లో ఒక చిన్న కెమెరా బిగించి వెళ్లాడు. అంతకు నెల ముందే అమ్మీ బాత్రూంలో జారిపడి, లేవలేక రెండు గంటలు అలాగే ఉండిపోయింది. నేను డ్యూటీలో ఉన్నాను. తమ్ముడి నీయత్‌లో ఏ ఖోట్ లేదు. అమ్మీ హిఫాజత్ కోసమే పెట్టాడు.

కొన్నాళ్లకు ఒక సంగతి గమనించాను. ఇంట్లో ఎవరూ లేకపోయినా హాల్లోకి వచ్చేముందు అమ్మీ దుపట్టా తలమీదికి లాక్కుంటోంది. సొంత ఇంట్లో, సొంత చార్ దీవారీ మధ్య! ఎందుకమ్మీ అని అడిగితే కెమెరా వైపు చూపించింది. "అటుపక్క నా బేటా ఒక్కడేనా, ఇంకెవరైనా ఉన్నారా?" అంది.

జవాబు చెబుదామని యాప్‌లోని షరతులు తెరిచాను. అంతా ఇంగ్లిష్. ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో డిగ్రీ చేసి, ఇన్నేళ్లుగా వార్తలు రాసుకుంటూ బతుకుతున్నవాణ్ణి. నాకే ఆ వీడియో ఎక్కడ దాస్తారో, ఎన్నాళ్లు ఉంచుతారో తేలలేదు. ఇక అమ్మీకేం చెప్పను?

కెమెరా, టీవీ, చేతి వాచీ, కరెంటు మీటరు, పిల్లల బొమ్మ... ఇలా వస్తువులన్నీ ఇంటర్నెట్‌కు కలిసిపోవడాన్ని ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్ అంటున్నారు. దాని సహూలత్‌ను నేను కాదనను. నా సవాల్ ఒక్కటే. ఈ వస్తువు ఎలా ఉండాలో తేల్చే మష్వరాలో, దానితో కాపురం చేయాల్సిన ఇన్సాన్‌ను ఎవరైనా అడిగారా?

ఐరోపా ఈ పాఠం దెబ్బ తిని నేర్చుకుంది. 'మై ఫ్రెండ్ కేలా' అని ఒక మాట్లాడే బొమ్మ ఉండేది. లోపల మైకు, బ్లూటూత్. పాస్‌వర్డ్ ఏమీ లేదు. దగ్గర్లో ఉన్న ఎవరైనా ఫోన్ కలిపి పాపతో మాట్లాడొచ్చు, ఇంట్లో మాటలు వినొచ్చు. 2017 ఫిబ్రవరిలో జర్మనీ దాన్ని రహస్య నిఘా పరికరం కింద లెక్కగట్టి నిషేధించింది. బొమ్మను పనికిరాకుండా చేయమని తల్లిదండ్రులకు చెప్పింది. పాప గుండెకు హత్తుకుని పడుకునే బొమ్మను అమ్మే పగలగొట్టాలి! అదే ఏడాది నవంబరులో, చుట్టుపక్కల మాటలు దొంగచాటుగా వినగలిగే పిల్లల వాచీలనూ ఆపేసింది.

ఆ 2017లోనే యూరోపియన్ యూనియన్ పది కోట్ల యూరోలతో ఐదు పెద్ద ప్రయోగాలు మొదలుపెట్టింది. పొలాలు, నగరాలు, ఒంటిమీద ధరించే పరికరాలు, డ్రైవర్ లేని బండ్లు నాలుగైతే, ఐదోది వయసు మళ్లినవాళ్లు సొంత ఇంట్లోనే క్షేమంగా ఉండటం గురించి. అంటే మా అమ్మీ లాంటివాళ్ల గురించే. ఎవరి దారిన వాళ్లు పోకుండా వీటిని కలిపి నడిపించడానికి వేరే ప్రాజెక్టులు పెట్టారు. వాటిలో ఒకదాని పనే, వాడేవాళ్లను ప్రయోగంలో భాగం చేయడం. నాకు నచ్చింది ఇదే. ఇంజనీరు, వకీలు, డాక్టరు, కంపెనీ ఒకచోట కూర్చున్నంత మాత్రాన మష్వరా పూర్తవదు. ఇంటివాళ్లకు కూడా అక్కడ కుర్చీ ఉండాలి.

ఆ దారిలోనే కానూన్లు కూడా వచ్చాయి. ఇలాంటి వస్తువులు మన గురించి పోగేసే డేటా మీద వాడేవాడికి హక్ ఇచ్చే చట్టం అక్కడ 2025 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. వస్తువు అమ్మి చేతులు దులుపుకోకుండా, మామూలుగా కనీసం ఐదేళ్లు దాని భద్రత జిమ్మేదారీ తయారీదారు మీదే పెట్టే చట్టం 2024లో వచ్చింది. అందులోని ముఖ్యమైన షరతులు 2027 డిసెంబరు నుంచి వర్తిస్తాయి. అక్కడ అంతా బాగుందని కాదు. కేలా అంగట్లోకి వచ్చాకే కదా కళ్లు తెరిచారు!

మరి మనమో? గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో స్మార్ట్ సిటీ ల్యాబ్ ఉంది. గాలి, నీరు, కరెంటు కొలిచే సెన్సర్ల మీద మంచి పనే జరుగుతోంది. అలాంటి చోట తయారయ్యేది రేపు మన ఇళ్లలోకి వస్తుంది. అందుకే ఆ పిల్లలు టోలీచౌకి, కర్నూలు, గుంటూరు ఇళ్లలో ఒక పూట కూర్చుని చాయ్ తాగి వెళ్లాలంటాను. మన 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టంలో ఒక మంచి మాట ఉంది. ఇజాజత్ అడిగే కాగితాన్ని ఇంగ్లిష్‌లో గానీ, రాజ్యాంగం 8వ షెడ్యూల్లోని 22 భాషల్లో దేంట్లోనైనా గానీ చదువుకునే వీలు ఇవ్వాలి. వాటిలో తెలుగు ఉంది, ఉర్దూ ఉంది. అడగకపోతే ఆ హక్ కాగితం మీదే ఉండిపోతుంది. అర్థం కాని భాషలో నొక్కిన 'ఒప్పుకుంటున్నాను' ఇజాజత్ ఎలా అవుతుంది?

చివరికి తమ్ముడికి వీడియో కాల్ చేసి, ముగ్గురం కూర్చుని మాట్లాడుకున్నాం. అమ్మీ ఒక్క నిమిషంలో తేల్చేసింది. "ఆ కెమెరా గేటుకి పెట్టుకోండి. బాత్రూంలో, నేల మీద పడినా చెయ్యి అందేంత కిందగా నాకొక బెల్ పెట్టించండి."

రెండూ చేశాం. పక్కింటి వాళ్లకు కూడా వినపడే బెల్ అది. కెమెరా కొనకముందే అమ్మీని అడగాల్సింది. ఇద్దరు కొడుకులం, చదువుకున్నవాళ్లం. మాకా ఖయాలే రాలేదు.