బాయిలర్ కాదు.. అయినా నిప్పుతో చెలగాటమే
వేడి నూనె హీటర్లపై నిఘా ఏదీ?

నరసరావుపేట: పల్నాడు పరిశ్రమలకు వేడే ప్రాణం. సున్నపురాయి సున్నంగా మారాలంటే సుమారు 900 డిగ్రీలు, సిమెంటు క్లింకరు తయారు కావాలంటే 1450 డిగ్రీల సెల్సియస్ వేడి అవసరం. పిడుగురాళ్ల బట్టీలు, మాచర్ల, దాచేపల్లి ప్రాంతాల సిమెంటు కర్మాగారాలు ఈ పనిని నేరుగా మంటతోనే చేస్తాయి. అయితే 150 నుంచి 400 డిగ్రీల మధ్య స్థిరమైన వేడి కావలసిన చోట మంట పనికిరాదు. అక్కడ వాడేది థర్మిక్ ఫ్లూయిడ్. కార్మికుల మాటలో వేడి నూనె. రోడ్ల పనులకు తారు కాచే ప్లాంట్లు మొదలుకొని ఔషధ, రసాయన పరిశ్రమల వరకు దీని వాడకం ఉంది.

నీరు ఎందుకు కాదు?

నీటిని 300 డిగ్రీల వద్ద ద్రవంగా నిలపాలంటే వాతావరణ పీడనానికి సుమారు 85 రెట్ల ఒత్తిడి కావాలి. అందుకు తగిన గొట్టాలు, పాత్రలు ఎంతో ఖరీదు. ఖనిజ నూనెలు స్వల్ప ఒత్తిడిలోనే దాదాపు 300 డిగ్రీల వరకు పనిచేస్తాయి. అంతకు మించితే కృత్రిమ ద్రవాలే శరణ్యం. బైఫినైల్, డైఫినైల్ ఆక్సైడ్‌ల మిశ్రమం 400 డిగ్రీల వరకు తట్టుకుంటుంది. అనంతపురం జిల్లా నాగలాపురంలో 2014లో ప్రారంభమైన 50 మెగావాట్ల సౌర ఉష్ణ విద్యుత్కేంద్రంలో అద్దాలు పట్టిన ఎండను ఆవిరి యంత్రానికి చేరవేసేందుకు ఇలాంటి ద్రవాన్నే ఎంచుకున్నారు.

ముప్పు ఎక్కడుంది?

ఒత్తిడి తక్కువైనంత మాత్రాన ప్రమాదం తక్కువ కాదు. కరెంటు పోయి పంపు ఆగితే ఊక, బొగ్గు మండే పొయ్యి వెంటనే చల్లారదు. గొట్టంలో నిలిచిన నూనె మాడి, లోపల మసి పేరుకుంటుంది. విచ్ఛిన్నమైన నూనె మరింత సులువుగా అంటుకుంటుంది. చిన్న లీకు గొట్టం చుట్టూ కప్పిన గ్లాస్‌వూల్‌లోకి ఇంకితే లోలోపలే రాజుకోవచ్చు. నూనెలో నీరు చేరితే ఒక్కసారిగా ఆవిరై వేడి నూనెను పైకి చిమ్ముతుంది.

ముప్పు కార్మికుడితో ఆగదు. 1968లో జపాన్‌లో తవుడు నూనె శుద్ధి చేసే కర్మాగారంలో ఉష్ణవాహక ద్రవంగా వాడిన పీసీబీ గొట్టాల నుంచి వంట నూనెలోకి కారింది. వేలాది మంది వ్యాధిగ్రస్తులయ్యారు. 1979లో తైవాన్‌లోనూ ఇదే పునరావృతమైంది. పత్తి గింజల నూనె, తవుడు నూనె వాడే మన ప్రాంతానికి ఇది పరాయి కథ కాదు. వంట నూనెల శుద్ధిలో అధిక పీడన ఆవిరిని వాడటమే క్షేమం.

చట్టం చూపు ఆవిరిపైనే

1923 నాటి బాయిలర్ల చట్టం స్థానంలో 2025లో వచ్చిన కొత్త చట్టమూ ఆవిరి పుట్టించే పాత్రనే బాయిలర్‌గా గుర్తిస్తోంది. ఆవిరి పుట్టించని నూనె హీటరుకు బాయిలర్ తనిఖీ వర్తించదు. భారమంతా కర్మాగారాల శాఖపైనా, యాజమాన్యంపైనా పడుతోంది.

పరిష్కారం అసాధ్యమేమీ కాదు. నూనె నమూనాను ఏటా ప్రయోగశాలలో పరీక్షించాలి. కరెంటు పోయినా నడిచే అదనపు పంపు, ప్రవాహం తగ్గితే పొయ్యికి గాలిని ఆపే ఏర్పాటు తప్పనిసరి చేయాలి. తడిసిన గ్లాస్‌వూల్‌ను వెంటనే మార్చాలి. హీటరు వద్ద నిలిచేది ఎక్కువగా దినకూలీలే. వారికి అర్థమయ్యే తెలుగులో జాగ్రత్తల పట్టిక గోడపై ఉండాలి. జిల్లాలో ఇలాంటి హీటర్లు ఎన్ని ఉన్నాయో అధికారులు ముందుగా లెక్క తీయాలి. లెక్కలోనే లేని యంత్రాన్ని తనిఖీ చేసేదెవరు?