అయిష్టానికి ధర్మం ముసుగెందుకు?

పిల్లలు లేని ఇంట్లో భార్య ఒక అనాథ శిశువును తెచ్చి పెంచుకుందామంటుంది. భర్త ‘దత్తత హరామ్’ అని ఒక్క మాటతో నోరు మూయిస్తాడు. కొన్ని ఇళ్లలో భర్త కోరతాడు, భార్య అదే మాటతో కాదంటుంది. దంపతుల మధ్య అభిప్రాయభేదం సహజం. అసలు కారణాన్ని దాచి, దీన్‌ను అడ్డుపెట్టుకోవడమే అభ్యంతరకరం.

ఇస్లాం నిషేధించినదేమిటి? పెంపుడు బిడ్డలను వారి కన్నతండ్రుల పేరుతోనే పిలవాలనీ, తండ్రులెవరో తెలియకపోతే వారు మీ ధర్మసోదరులేననీ దివ్య ఖురాన్ అల్ అహ్‌జాబ్ సూరా 4, 5 ఆయతులు బోధిస్తున్నాయి. జైద్ బిన్ ముహమ్మద్‌గా పిలవబడిన హజ్రత్ జైద్ (రజి) ఆపై మళ్లీ జైద్ బిన్ హారిసా అయ్యారు. ఆయనపై దైవప్రవక్త (స) ప్రేమ మాత్రం తరగలేదు. నిషిద్ధమైనది వంశం గురించిన అబద్ధం. బిడ్డ పెంపకం కాదు. అనాథను సాకేవారు స్వర్గంలో తనకు ఎంత చేరువగా ఉంటారో ప్రవక్త (స) రెండు వేళ్లు చూపి మరీ చెప్పారు.

ఆస్తి సంగతేమిటంటారు. షరీఅత్‌లో పెంపుడు బిడ్డ వారసుడు కాడు, నిజమే. కానీ మూడోవంతు వరకు వసీయత్ రాయవచ్చు. బతికుండగానే హిబా చేయవచ్చు. పర్దా మాటేమిటంటారు. రెండేళ్లలోపు ఆడశిశువుకు భర్త సోదరి, మగశిశువుకు భార్య సోదరి పాలిస్తే పాలబంధం ఏర్పడుతుంది. ఇవన్నీ మన ఫిఖ్‌హ్ గ్రంథాలలో ఉన్నవే. ఆలిమ్‌ను అడిగి తెలుసుకునే ఓపిక ఎందరికుంది? సంతానం లేదని రెండో పెళ్లికి తొందరపెట్టే పెద్దలకు అప్పుడు గుర్తొచ్చే ధర్మం, అనాథ విషయంలో ఎందుకు గుర్తు రాదు?

చట్టమూ దారులు మూయలేదు. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద, బిడ్డకు 18 ఏళ్లు నిండేవరకు సంరక్షకులుగా ఉండవచ్చు. జువెనైల్ జస్టిస్ చట్టం ఏ మతస్థులకైనా పూర్తి దత్తతకు వీలు కల్పిస్తుంది. అది ఎవరిపైనా నిర్బంధం కాదని, వ్యక్తిగత చట్టాన్ని అనుసరించదలచినవారు అనుసరించవచ్చని 2014లో షబ్నమ్ హాష్మీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. దంపతులు దత్తత తీసుకోవాలంటే ఇద్దరి సమ్మతీ తప్పనిసరని 2015 నాటి చట్టం 57వ సెక్షన్ చెబుతోంది. కనుక ఇష్టం లేని భర్త చేత గాని, భార్య చేత గాని బలవంతంగా సంతకం పెట్టించడమూ అన్యాయమే. మనసొప్పని ఇంటికి వచ్చిన బిడ్డ రెండోసారి అనాథ అవుతాడు.

ఇమాములకు, మొహల్లా పెద్దలకు నా విన్నపం: ఇలాంటి దంపతులు మీ ముందుకు వస్తే ఒక్క ‘హరామ్’ అనే మాటతో పంపేయకండి. ఏది నిషిద్ధమో, ఏది పుణ్యమో ఇద్దరినీ కూర్చోబెట్టి విడమరిచి చెప్పండి.

ఆ తర్వాత కూడా వద్దనిపిస్తే ‘నాకు మనసు రావడం లేదు’ అని జీవిత భాగస్వామికి నేరుగా చెప్పండి. అందులో నిజాయితీ ఉంది. మీ మనసులోని మాటను అల్లాహ్ ఆజ్ఞగా మాత్రం చెప్పకండి.