తాళం చెవితో పాటు ఒక కాగితం కూడా ఇవ్వండి



దసరా సెలవులు దగ్గర పడ్డాయి. బతుకమ్మకు అమ్మమ్మగారి ఊరికి వెళ్లేవాళ్లు, తిరుపతికి టికెట్లు తీసుకున్నవాళ్లు ఇప్పటికే లెక్కలు వేసుకుంటున్నారు. కుక్కను పెంచుకునే ఇళ్లలో మాత్రం బ్యాగులు సర్దేటప్పుడు ఒక ప్రశ్న వస్తుంది: మనం లేనన్నాళ్లు దీన్ని ఎవరు చూస్తారు?

హైదరాబాద్‌లో అయితే డబ్బు కట్టి కుక్కను వదిలి వెళ్లే బోర్డింగ్‌లు ఉన్నాయి. మన మెదక్‌లో ఆ పని చేసేది పక్కింటి ఆంటీ, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్, లేదా మన ఇంట్లో పనిచేసే అక్క. బయలుదేరే రోజు పొద్దున వాళ్ల చేతిలో తాళం చెవి పెట్టి, "కొంచెం చూసుకోండి" అని బండెక్కుతాం. ఆ ఒక్క మాట చాలదని నా అభిప్రాయం.

ముందు మనిషి గురించి చెప్తాను. పని చేసే అక్కకు కూడా అది పండగే. ఆమెను అడగాలి, వీలుకాదంటే నొచ్చుకోకూడదు. ఒప్పుకుంటే రోజుకు ఇంత అని విడిగా మాట్లాడుకోవాలి. పాత చీర, మిగిలిన స్వీట్లు జీతం కావు.

తర్వాత పరిచయం. మీరు ఇంట్లో ఉన్నప్పుడు మురిపెంగా తోక ఊపే కుక్క, మీరు లేనప్పుడు గేటు తీసిన మనిషిని దొంగగా చూడవచ్చు. అందుకే ప్రయాణానికి వారం ముందు నుంచే వాళ్లను మూడు నాలుగు సార్లు ఇంటికి పిలవండి. మొదటిసారి మీరు పక్కన ఉండి వాళ్ల చేత్తోనే అన్నం పెట్టించండి. చివరిసారి మీరు లోపలి గదిలో ఉండి, గేటు తీయడం నుంచి గిన్నె కడగడం వరకు అంతా వాళ్లనే చేయనివ్వండి. కుక్క గుర్రుమంటే ఆ ఏర్పాటు మానేసి ఇంకొకరిని చూడండి, లేదా ఇంట్లో ఒకరు ఆగిపోండి.

ఇల్లు కూడా సిద్ధం కావాలి. ఎలుకల మందు, ఫినాయిల్, మాత్రలు అందని చోట పెట్టండి. చాక్లెట్లు, కిస్మిస్, ద్రాక్ష, ఉల్లిపాయ కుక్కకు విషంతో సమానం. ప్రేమగా లడ్డూ పెట్టే చుట్టాలకూ ఈ సంగతి చెప్పండి. నీళ్లు రెండు గిన్నెల్లో పెట్టించండి, ఒకటి ఒలికిపోయినా ఇంకొకటి ఉంటుంది. మీరు వాడిన పాత దుప్పటి దాని దగ్గర ఉంచితే ఆ వాసనకు కొంత నిమ్మళిస్తుంది. డాబా మీద ఎండలో గొలుసుతో కట్టేసి వెళ్లడం మాత్రం వద్దు. తిండి, నీళ్లు, నీడ ఇవ్వకపోవడం జంతు హింస నివారణ చట్టం, 1960 ప్రకారం నేరం కూడా.

ఇక కాగితం. ఇంగ్లిష్ టీచర్‌గా ఒక మాట చెప్తాను, నవ్వుకోకండి. మన పిల్లల్లాగే మన కుక్కలు కూడా ఇంగ్లిష్ మీడియమే. "సిట్", "కమ్", "నో" అంటేనే వింటాయి. "కూసో", "ఇటు రా" అనే అక్క మాట దానికి అర్థం కాదు. కాబట్టి ఆ నాలుగు మాటలూ తెలుగు అక్షరాల్లో రాసివ్వండి. ఎన్ని గంటలకు ఎంత తిండి, ఏ మందు, డాక్టర్ నంబర్, మీ నంబర్, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాల్సి వస్తే ఖర్చు ఎవరిస్తారు అన్నవి కూడా అందులో ఉండాలి. చదవడం రానివాళ్లకు ఫోన్‌లో వాయిస్ మెసేజ్ పెట్టండి.

అన్నిటికన్నా ముఖ్యం టీకా. సెప్టెంబర్ 28 ప్రపంచ రేబిస్ దినం, లూయీ పాశ్చర్ చనిపోయిన రోజు. ఆ లోపు మీ కుక్క టీకా కార్డు తీసి తేదీ చూడండి. గడువు దాటి ఉంటే ఊరెళ్లే ముందే వేయించి, కార్డు ఫొటో చూసుకునేవాళ్లకు పంపండి. కుక్క కరిచినా, గోరు గీరినా గాయాన్ని సబ్బుతో, పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం పెట్టకుండా అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక బతకడం దాదాపు అసాధ్యం. మీరు ఊళ్లో లేనప్పుడు మీ కుక్క వల్ల ఇంకొకరి ప్రాణం మీదికి రాకూడదు కదా.

ఈ కాగితం మీ పిల్లల చేత రాయించమని నా మనవి. సూచనలు ఎలా రాయాలో క్లాసులో నేర్పుతూనే ఉన్నాం. ఇక్కడ ఆ రాత మీద ఒక మూగజీవి భోజనం, ఒక మనిషి క్షేమం ఆధారపడతాయి. సకల జీవుల పట్ల కరుణ చూపడం రాజ్యాంగంలోని 51ఎ అధికరణ చెప్పే ప్రాథమిక విధి అని సోషల్ పాఠంలో మార్కుల కోసం చదువుతారు. పని చేసే అక్కను కూర్చోబెట్టి, తను రాసింది చదివి వినిపించి, "ఇంకేమైనా రాయాలా అక్కా?" అని అడిగిన పిల్లలకు ఆ పాఠం మళ్లీ చెప్పాల్సిన పని ఉండదు.

మీ అందరికీ బతుకమ్మ, దసరా శుభాకాంక్షలు.