కూత ఆగాక కూడా ఆ చేతులు కలిసే ఉంటాయా?

కబడ్డీ ముట్టుకునే ఆట. కూతకు వెళ్లినవాడు అవతలివాణ్ణి ముట్టుకుని రావాలి. ఇవతలివాళ్లు చేతులు పట్టుకుని గొలుసుగా నిలబడాలి. ఎవరిని ముట్టుకోవచ్చు, ఎవరిని ముట్టుకోకూడదు అనే లెక్కలతో నడిచిన సమాజంలో ఊరూరా ఆడే ఆట ఇది. డిగ్రీలో మూడేళ్లు కాలేజీ జట్టుకు కార్నర్‌లో ఆడాను. పరిశోధక విద్యార్థిగా ఇప్పుడు నన్ను వదలని వైరుధ్యం ఇదే.

పోటీ మనుషుల్ని విడదీస్తుందని, సహకారం కలుపుతుందని క్యాంపస్‌లలో ఒక తేలిక మాట ఉంది. మైదానం దాన్ని ఒప్పుకోదు. కబడ్డీలో ఎదుటి జట్టులో ఒకరు అవుటైతే, మన వైపు అవుటై బయట కూర్చున్నవాడు లోపలికి వస్తాడు. నేను తెచ్చిన పాయింటు నా తోటివాడికి తిరిగి ప్రాణం పోస్తుంది. ఏడుగురిలో చోటు కోసం పొద్దున పోటీపడినవాళ్లే సాయంత్రం ఒకరి మోకాలికి ఒకరు ఐసు పెట్టుకుంటారు. రూలు అందరికీ ఒకటే అయినంత కాలం పోటీ స్నేహాన్ని చంపదు.

చంపేది గీత బయట ఉంది. పల్వంకర్ బాలూ చరిత్ర చూడండి. చమార్ కులంలో పుట్టి, పూనాలో పిచ్ పనులు చేస్తూ బౌలింగ్ నేర్చుకున్న ఆయన 1911 ఇంగ్లండ్ పర్యటనలో వందకు పైగా వికెట్లు తీశారు. హిందూ జట్టుకు ఆయన బౌలింగ్ కావాలి. విరామంలో టీ మాత్రం ఆయనకు బయట, విడి కప్పులో. కెప్టెన్సీ విషయంలో జరిగిన అన్యాయానికి 1920లో ఆయన తమ్ముళ్లు జట్టు నుంచి తప్పుకుని నిరసన తెలిపారు. 1923లో తమ్ముడు విఠల్ కెప్టెన్ అయ్యాడు. అది దయతో దొరికింది కాదు, కొట్లాడి తెచ్చుకున్నది.

అదంతా పాత కథ అంటారా? 2021 టోక్యో ఒలింపిక్స్‌లో వందనా కటారియా దక్షిణాఫ్రికాపై హ్యాట్రిక్ కొట్టింది. సెమీఫైనల్లో జట్టు ఓడగానే హరిద్వార్ దగ్గర ఆమె ఇంటి ముందు కులదూషణలు వినిపించాయి. గెలుపు దేశానిది, ఓటమి దళితులదా?

మా జట్టు ఒకసారి టోర్నమెంటుకు వెళ్లి తెలిసినవాళ్లింట్లో దిగింది. ఇంటిపేర్లు అడిగాక మాలో ఇద్దరికి పేపరు ప్లేట్లు, మిగతావాళ్లకు స్టీలు కంచాలు వచ్చాయి. మా రైడర్ మాట్లాడకుండా తన కంచం పక్కన పెట్టి పేపరు ప్లేటు తీసుకున్నాడు. ఆ స్నేహం నిజం. కానీ ఒక మంచి మనిషి మీద ఆధారపడిన సమానత్వం, ఆ మనిషి లేని రోజున ఏమవుతుంది?

1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ హెచ్చరించింది ఈ వైరుధ్యం గురించే. రాజకీయాల్లో సమానత్వం, సామాజిక జీవితంలో అసమానత్వం. సౌభ్రాతృత్వం లేకుండా స్వేచ్ఛ, సమానత్వం నిలబడవన్నారు. కోర్టు లోపల మాకు అందరికీ ఒకే పాయింటు. బయటికొస్తే ఒక్కొక్కరికి ఒక్కో విలువ.

"ఆటల్లోకి కులాన్ని తేవద్దు" అనేవారికి ఒకటే జవాబు. తెచ్చింది మేము కాదు, బయటికి పంపాలంటున్నది మేము. అందుకు ఉపన్యాసాలు అక్కర్లేదు. సెలక్షన్ ట్రయల్స్ మార్కులు నోటీసు బోర్డు మీద పెట్టండి. ప్రయాణ ఖర్చులు, బూట్ల డబ్బు ముందే ఇవ్వండి. బిల్లు పెట్టి నెలల తరబడి ఎదురుచూడగలిగేది ఇంట్లో డబ్బున్నవాళ్లే. కెప్టెన్‌ను ఆటగాళ్లే ఓటుతో ఎన్నుకోనివ్వండి. జట్టు ఎక్కడికి వెళ్లినా బస, భోజనం బాధ్యత కాలేజీయే తీసుకోవాలి. వివక్ష ఫిర్యాదులు వినే కమిటీ పరిధిలోకి వ్యాయామ విద్య విభాగాన్నీ తేవాలి.

చేతులు పట్టుకోవడం మాకు ఆట ఎప్పుడో నేర్పింది. వాటిని విడదీయకుండా ఉండటం ఇక విశ్వవిద్యాలయాలు నేర్చుకోవాలి.